కుందేలు బొమ్మకి మూడొందలు ఎందుకు కట్టాలి సార్?

దేశంలో మందులు, కాస్మెటిక్స్ రూల్స్ చూసే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి, న్యూఢిల్లీ. ప్యాకెట్ మీద ఏ అక్షరం ఉండాలో ఏది అక్కర్లేదో తేల్చే వినియోగదారుల వ్యవహారాల శాఖ వాళ్ళకి కూడా ఇదే ఉత్తరం. నా ప్రశ్నలో సగం మీ టేబుల్ మీద పడుతుంది, సగం వాళ్ళ టేబుల్ మీద పడుతుంది, ఒకళ్ళని అడిగితే ఇంకొకళ్ళ పేరు చెప్తారని ముందే ఇద్దరికీ కలిపి రాస్తున్నా.

నాది ఖమ్మంలో చిన్న కిరాణా, ఫ్యాన్సీ షాపు సార్. చుట్టుపక్కల ఆడపిల్లల హాస్టళ్ళు ఉన్నాయి, అందుకని బియ్యం పప్పుల కంటే సబ్బులు షాంపూలు పేస్టులు తల నూనెలే ఎక్కువ పోతాయి. ఈమధ్య పిల్లలు ఒక కొత్త బేరం మొదలుపెట్టారు. ఫోన్లో ఏదో వీడియో చూస్తారు, కుందేలుని మెడ దగ్గర బిగించి పెట్టి కంట్లో మందు వేసే వీడియో, చూసిన దగ్గర్నుంచి మనసు పాడైపోయి ఉంటుంది, వచ్చి "అక్కా, జంతువుల మీద టెస్ట్ చెయ్యని షాంపూ ఏదన్నా ఉంటే ఇవ్వవా, తక్కువలో" అంటారు. ఆ చివర తక్కువలో అన్నారు చూడండి, దాన్ని వదిలెయ్యకండి, ఈ ఉత్తరం మొత్తం దాని గురించే.

టెస్ట్ చెయ్యలేదని రాసి కుందేలు బొమ్మ వేసిన షాంపూలు నా దగ్గర ఉన్నాయి, సీసా మూడొందల పైమాటే. పై అరలో పెడతాను. కింద తాడుకి వేలాడే రూపాయి, రెండ్రూపాయల ప్యాకెట్ల దండల మీద ఏ బొమ్మా లేదు, పది రూపాయల సబ్బు మీదా లేదు. ఇది చూసి పిల్లలకి ఏం అర్థమవుద్ది చెప్పండి. ఖరీదైన షాంపూ పాపం లేని షాంపూ, మనం కొనేది కుందేళ్ళని ఏడిపించి చేసిన షాంపూ అని. కాసేపు పై అర వైపు చూసి, ఏదో తప్పు చేస్తున్నట్టు మొహం పెట్టుకుని దండలోంచి నాలుగు ప్యాకెట్లు తెంపించుకుని వెళ్తారు.

ఆ పిల్ల అనుకునేది నిజం కాదు సార్. నిజం కాదని మీకు తెలుసు, మీరు రాసిన రూల్ చదివాక నాకూ తెలిసింది, కొనే పిల్లకి మాత్రం తెలీదు.

ఎందుకంటే ఈ దేశంలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద టెస్ట్ చెయ్యడం 2014 మే నెల నుంచే నిషేధం. అంతకుముందు ఏడాది, 2013లో, సరుకుల నాణ్యతకి కొలతలు పెట్టే బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్ళు కాస్మెటిక్స్ సేఫ్టీ పరీక్షల స్టాండర్డ్‌లోంచి జంతువుల టెస్టులు తీసేశారు, తర్వాత డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 148-సి అని ఒక రూల్ చేర్చారు, ఏ వ్యక్తీ కాస్మెటిక్ టెస్ట్ కోసం ఏ జంతువునీ వాడకూడదు అని, అంత సూటిగా. ఆ 2014లోనే నవంబర్‌కి ఇంకో రూల్ వచ్చింది, బయట దేశాల్లో అలా టెస్ట్ చేసిన సరుకు ఇక్కడికి దిగుమతి కూడా చెయ్యకూడదని. దక్షిణాసియాలో ఈ పని చేసిన మొదటి దేశం మనదే. 2020లో కాస్మెటిక్స్‌కి విడిగా రూల్స్ పుస్తకం వచ్చినప్పుడు కూడా ఈ నిషేధం అందులో ఉంచారు. ఒళ్ళు రుద్దుకునే సబ్బు, తలకి పెట్టుకునే షాంపూ, మొహానికి రాసుకునే పౌడర్, క్రీమ్, లిప్‌స్టిక్, ఇవన్నీ చట్టం లెక్కలో కాస్మెటిక్సే, శుభ్రం చేసుకోవడానికో అందానికో ఒంటికి రాసుకునే, పోసుకునే, చల్లుకునే ఏ వస్తువైనా అని నిర్వచనంలోనే ఉంది. ధర ఎంత ఉండాలని అందులో ఎక్కడా లేదు. మూడొందల సీసాకి ఏ రూలో రూపాయి ప్యాకెట్‌కీ అదే రూలు.

మరి రూలు అందరికీ ఒకటే అయినప్పుడు బొమ్మ కొందరి దగ్గరే ఎందుకుంది? ఎందుకంటే ఆ బొమ్మ మీరిచ్చేది కాదు. ప్రైవేటు సంస్థలు ఇచ్చేది. లీపింగ్ బన్నీ అని ఒకటి ఉంది, వాళ్ళు కొంచెం గట్టిగానే చూస్తారు, ఫలానా తేదీ తర్వాత ఎక్కడా టెస్ట్ జరగకూడదు, ముడిసరుకు ఇచ్చేవాళ్ళ దగ్గర కూడా కాగితాలు తీసుకోవాలి, ఆడిట్‌కి ఒప్పుకోవాలి అంటారు. జంతువుల హక్కుల కోసం పోరాడే పెటా వాళ్ళ లిస్టు ఇంకొకటి. ఇవి రెండూ కాకుండా ఎవడికి వాడు గీసుకున్న కుందేళ్ళు బోలెడు. చెవులు పైకున్న కుందేలు, గుండె ఆకారంలో ఉన్న కుందేలు, ఆకు పక్కన కూర్చున్న కుందేలు, వీటిల్లో ఏది ఎవరిదో పొద్దస్తమానం సరుకు సర్దే నాకే తెలీదు, కొనేవాళ్ళకేం తెలుస్తుంది. అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ అయితే ఈ బొమ్మల పక్కన రాసే క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువుల్ని హింసించలేదు అనే మాటకి చట్టంలో అర్థం లేదని పబ్లిక్‌గానే చెప్పేసింది. అంటే ఇక్కడ జరుగుతున్నది ఏంటంటే, చట్టం ప్రకారం అందరూ చెయ్యాల్సిన పనిని కొన్ని కంపెనీలు తాము ప్రత్యేకంగా చేస్తున్న పుణ్యంలాగా బొమ్మ వేసి అమ్ముకుంటున్నాయి, మిగతావాళ్ళు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు, మధ్యలో నా కొట్టుకొచ్చే పిల్ల సిగ్గుపడుతోంది.

తక్కువలో అంటే ఎంత తక్కువో కూడా చెప్తాను, ఢిల్లీలో కూర్చుంటే ఈ లెక్క తెలియకపోవచ్చు. 2024 చివర్లో మా రాష్ట్ర ప్రభుత్వం హాస్టల్ పిల్లలకి ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు పెంచింది. ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లకి నెలకి 75 రూపాయలు ఉండేది 275 అయ్యింది, మూడు నుంచి ఏడు చదివే పిల్లకి 55 నుంచి 175 అయ్యింది. పెరగడం మంచిదే, నేనూ సంతోషపడ్డా, నా గిరాకీ కూడా అదే కదా. కానీ ఆ 275లో ఒంటి సబ్బులు రావాలి, బట్టల సబ్బులు రావాలి, పేస్ట్ రావాలి, కొబ్బరి నూనె రావాలి, షాంపూ ప్యాకెట్లు రావాలి, రబ్బరు బ్యాండ్లు పిన్నులు రావాలి. కుందేలు బొమ్మ షాంపూ సీసా ఒక్కటి కొంటే నెల డబ్బులు మొత్తం అయిపోయి ఇంకా నాకే బాకీ పడుద్ది. పేరు కూడా చూడండి, సర్కారు వాళ్ళే కాస్మెటిక్ చార్జీలు అని పెట్టారు. సర్కారు డబ్బుతో కొనే కాస్మెటిక్, సర్కారు చట్టం కిందకొచ్చే కాస్మెటిక్, ఆ చట్టం ఏం చెప్తుందో మాత్రం ప్యాకెట్ మీద ఉండదు.

ఆ టెస్టు ఏంటో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొందరు మగ కస్టమర్లు "ఏముందిలే అక్కా, కుందేలుకి షాంపూ పోస్తే ఏమవుద్ది, స్నానం చేసినట్టే కదా" అని నవ్వుతారు. డ్రెయిజ్ టెస్ట్ అంటారు దాన్ని. 1944లో అమెరికా ఎఫ్‌డీఏలో పనిచేసే జాన్ డ్రెయిజ్ అనే ఆయన పేరు మీద వచ్చింది. తెల్ల కుందేలు కింది రెప్ప లాగి అందులో ఆ పదార్థం వేస్తారు, తర్వాత కొన్ని రోజులపాటు కన్ను ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, నల్లగుడ్డు మీద పొర మసకబారిందా అని మార్కులు వేస్తూ ఉంటారు. గోక్కోకుండా మెడ కదలకుండా పెట్టెలో బిగించేవాళ్ళు. కుందేలుకి మనలాగా కన్నీళ్ళు ధారగా రావు, పడింది చాలాసేపు కంట్లో ఉండిపోద్ది, దాన్ని ఎంచుకోవడానికి అదొక కారణం అంటారు. ఇంకోరకంలో వీపు మీద వెంట్రుకలు గొరిగి చర్మం మీద పట్టీ వేస్తారు.

ఇదంతా చేసినా మనిషికి పనికొచ్చే సమాధానం సరిగ్గా వస్తుందా అంటే అదీ లేదు, కుందేలు కన్ను వేరు మన కన్ను వేరు. ఇప్పుడు మనిషి చర్మ కణాల్ని ల్యాబ్‌లో పెంచి పొరలాగా తయారుచేసి దాని మీద చూస్తున్నారు, చాలా దేశాలు కలిసి పెట్టుకున్న ఓఈసీడీ అనే సంస్థ వాళ్ళు 2010లోనే ఈ పద్ధతికి టెస్ట్ గైడ్‌లైన్ ఇచ్చారు. కంటికి సంబంధించి కూడా మనిషి కార్నియా కణాలతో చేసేవి వచ్చాయి. ఎక్కడో అమెరికాలో కాదు, మా హైదరాబాద్‌లోనే కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ దగ్గర జంతువులకి బదులు మనిషి కణాల మోడల్స్ మీద పనిచెయ్యడానికి ఒక సెంటర్ పెట్టారు. 2023లో మీరే మందుల ట్రయల్స్ రూల్స్ మార్చి జంతువులు కాని పద్ధతుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటామన్నారు. ప్రాణాలు కాపాడే మందులకే దారి వేసినవాళ్ళు మా తలంటు షాంపూ దగ్గర ఎందుకు మొహమాటపడుతున్నారో అర్థం కాదు.

అసలు విషయానికి వస్తున్నా. బయటి నుంచి కాస్మెటిక్ తెచ్చే కంపెనీ మీ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, దానికి పెట్టే కాగితాల్లో 2014 నవంబర్ తర్వాత జంతువుల మీద టెస్ట్ చెయ్యలేదని డిక్లరేషన్ ఉంటుంది. ఇక్కడ తయారుచేసేవాళ్ళకి రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ వాళ్ళు లైసెన్స్ ఇస్తారు, ఆ లైసెన్స్ నంబర్ ప్యాకెట్ మీద ఉండాల్సిందే. అంటే ఈ కంపెనీ రూలు పాటిస్తోందని ఒప్పుకున్న కాగితం ఒకటి ఎక్కడో ఒక ఫైల్లో ఉంది. ఫైల్లో ఉన్న ఆ మాట ప్యాకెట్ మీదకి రావడానికి ఏం అడ్డం సార్? లైసెన్స్ నంబర్ వేసే చోటే, దాని పక్కనే, "జంతువులపై పరీక్షించలేదు, చట్టప్రకారం" అని ఒక్క లైన్. అది అందరికీ తప్పనిసరి చెయ్యండి. అప్పుడు కుందేలు బొమ్మకి విలువ ఎంత ఉండాలో అంతే ఉంటుంది. ఎక్కువ పరీక్షలకి నిలబడిన కంపెనీ బొమ్మ వేసుకోనీ, నాకేం అభ్యంతరం లేదు, కానీ బొమ్మ లేనివాడంతా పాపిష్టివాడు అనే అర్థం పోవాలి.

రూపాయి ప్యాకెట్ మీద చోటెక్కడుంది అంటారు మీరు. ఈ మాట నేను కంపెనీ సేల్స్‌మేన్ దగ్గర కూడా విన్నాను. నిజమే, అంగుళంన్నర ప్యాకెట్. దాని మీద హీరోయిన్ మొహానికి చోటుంది, జుట్టు ఎగిరే బొమ్మకి చోటుంది, ఇరవై శాతం ఎక్స్‌ట్రా అని పసుపు రంగు చుక్కకి చోటుంది. పైగా మీ రూల్స్‌లోనే చిన్న ప్యాకెట్లకి ఒక వెసులుబాటు ఇచ్చారు, ద్రవమైతే 60 మిల్లీలీటర్లు, గట్టిదైతే 30 గ్రాములు, అంతకంటే తక్కువున్న ప్యాకెట్ మీద అందులో ఏమేం కలిపారో రాయక్కర్లేదని. దీని ఫలితం ఏంటో మీరు ఆలోచించారా? పెద్ద సీసా కొనగలిగినవాళ్ళు వెనక లేబుల్ చదువుకుని తెలుసుకోవచ్చు, రోజుకి ఒక ప్యాకెట్ కొనేవాళ్ళకి ఏమీ తెలుసుకునే హక్కు లేదు. డబ్బు తక్కువున్నవాళ్ళకి సమాచారం కూడా తక్కువే అని రూలే చెప్పినట్టు అయ్యింది. ఇంకో సంగతి, ప్యాకెట్ మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలని రూలు, వేరే భాష కంపెనీ ఇష్టం. హీరోయిన్ పక్కన ఉండే డైలాగు మాత్రం తెలుగులో ఉంటుంది, అది ఎవరూ తప్పనిసరి చెయ్యలేదు.

మార్చడం కష్టం అనే మాట ఇక నేను నమ్మను. 2025 సెప్టెంబర్ 22 గుర్తుంది కదా. సబ్బు, షాంపూ, పేస్ట్, తల నూనె, పౌడర్ అన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దింపారు. ఆ వారం నా కొట్టులో జరిగిన గోల నాకు తెలుసు, పాత రేటు సరుకు కొత్త రేటు సరుకు కలిసిపోయి, కస్టమర్లు పేపర్ కటింగులు పట్టుకొచ్చి "అక్కా తగ్గించాలిగా" అని నిలదీసి, డిస్ట్రిబ్యూటర్ కుర్రాళ్ళు స్టిక్కర్ల కట్టలు తెచ్చి ఇచ్చి అంటించుకోండి అని వెళ్ళిపోయి. ఒకటి రెండు రూపాయల ప్యాకెట్లకి రేటు తగ్గించలేక కొన్నిట్లో సరుకు గ్రాములు పెంచి ప్యాకెట్టే కొత్తగా అచ్చేశారు. అంత పెద్ద మార్పు దేశమంతా ఉన్న లక్షల కొట్లలో చేయించగలిగిన ప్రభుత్వం, వచ్చే అచ్చులో ఒక లైన్ చేర్చమని కంపెనీలకి చెప్పలేదంటే నేనెలా నమ్మాలి?

ఇక్కడిదాకా మీ చట్టం బాగుంది, చెప్పడమే బాగాలేదు అన్నాను. ఇప్పుడు చట్టంలోనే చిల్లులున్న చోట్లు.

మొదటిది, అదే బాత్‌రూమ్‌లో ఉండే మిగతా సామాను. బాత్‌రూమ్ కడిగే లిక్విడ్, ఫినాయిల్, గిన్నెల సబ్బు, బట్టల పౌడర్, ఇవి ఒంటికి రాసుకునేవి కావు కాబట్టి కాస్మెటిక్స్ కావు, 2014 నిషేధం వీటికి తగలదు. ఒకే కంపెనీ ఒంటి సబ్బూ చేస్తుంది బట్టల సబ్బూ చేస్తుంది, ఒకదానికి కుందేలుని ముట్టుకోకూడదు, ఇంకోదానికి ఆ నిషేధం లేదు. నా కొట్టులో ఈ రెండు సబ్బుల మధ్య అరచెయ్యంత దూరం కూడా ఉండదు. ఇది మీ శాఖ కిందకి రాకపోవచ్చు, కానీ ఎవరి కిందకి వస్తుందో వాళ్ళకి మీరు ఒక ముక్క రాస్తే అది మా ఉత్తరం కంటే తొందరగా చేరుద్ది.

రెండోది ఆయుర్వేదం. నా దగ్గర పోయే పేస్టుల్లో సబ్బుల్లో చాలావాటి మీద ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్ అని రాసి ఉంటుంది. అంటే లైసెన్స్ వేరే దారిలో, మందుల దారిలో వచ్చింది. కొనేవాళ్ళకి అది మందు కాదు, పొద్దున్నే పళ్ళు తోముకునే పేస్టు. కాస్మెటిక్‌కి అని రాసిన నిషేధం ఈ పేస్టుకి వర్తిస్తుందా లేదా, అవును కాదు అని ఒక్క మాటలో చెప్పండి. ఆకులు వేళ్ళు వేసి చేసింది కదా దీనికి టెస్టులేంటి అని జనం అనుకుంటారు, కానీ పేస్టులో నురగ వచ్చేది ఆకుల వల్ల కాదుగా.

మూడోది ముడిసరుకు, దీని దగ్గర పెద్ద పెద్ద దేశాలే తడబడుతున్నాయి. యూరప్‌లో జంతువుల మీద టెస్ట్ చేసిన కాస్మెటిక్స్ అమ్మకం కూడా 2013 మార్చి నుంచి పూర్తిగా ఆపేశారు. కానీ అక్కడే రసాయనాల మీద ఇంకో చట్టం ఉంది, ఫ్యాక్టరీలో ఆ రసాయనంతో పనిచేసే కార్మికుల భద్రత కోసం టెస్ట్ చెయ్యాలంటుంది. సన్‌స్క్రీన్లలో వాడే హోమోసలేట్ లాంటి వాటి మీద జంతువుల టెస్టులు చెయ్యాల్సిందేనని అక్కడి రసాయనాల ఏజెన్సీ పట్టుబడితే, సిమ్‌రైజ్ అనే జర్మన్ కంపెనీ కోర్టుకి వెళ్ళింది, 2023 నవంబర్‌లో ఓడిపోయింది. ఇక చైనా సంగతి, 2021 మే దాకా బయటి నుంచి వచ్చే మామూలు షాంపూకి కూడా జంతువుల టెస్ట్ తప్పనిసరి, ఇప్పుడు మామూలు వాటికి షరతులతో సడలించారు గానీ జుట్టు రంగులు, సన్‌స్క్రీన్‌ల లాంటి వాటికి ఇంకా అంత సులువు కాలేదు. అంటే ఒకే బ్రాండు మన దేశంలో మన చట్టం ప్రకారం, ఇంకో దేశంలో ఆ దేశం చట్టం ప్రకారం నడుచుకోవచ్చు. డవ్ సబ్బు 2018లో పెటా లిస్టులోకి ఎక్కింది, మంచిదే, దాని చిన్న సబ్బు నా దగ్గరా ఉంది, కానీ అది ఆ బ్రాండ్‌కి ఇచ్చింది, దాని వెనకున్న కంపెనీ మొత్తానికి ఇచ్చింది కాదు. ఈ తేడా పిల్లలకి చెప్పేసరికి నాకు నోరెండిపోద్ది, వెనక పాల ప్యాకెట్ కోసం నిలబడ్డ పెద్దాయన విసుక్కుంటాడు.

కాబట్టి నేనడిగే రెండో లైన్ ఇది. ప్యాకెట్ మీద కాకపోయినా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి, లైసెన్స్ నంబర్ కొడితే చాలు, ఈ కంపెనీ ఈ సరుకుని వేరే దేశంలో జంతువుల టెస్టు అవసరమయ్యే చోట అమ్ముతోందా, దీనిలో ముడిసరుకు ఎవరైనా 2014 తర్వాత టెస్ట్ చేశారా, అని కంపెనీ ఇచ్చిన జవాబు కనపడాలి. కంపెనీ జవాబివ్వకపోతే ఇవ్వలేదని కనపడాలి. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి, వీడియో చూసి ఏడ్చే పిల్ల నంబర్ కొట్టి చూడలేదా.

ఆకుపచ్చ చుక్క గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీంతో గందరగోళం ఇంకా పెరిగింది. సబ్బులు షాంపూల మీద కూడా తినేవాటి మీద ఉన్నట్టు వెజ్ నాన్‌వెజ్ చుక్క ఉండాలని ఢిల్లీ హైకోర్టు 2002లో అంది, సుప్రీంకోర్టు 2013లో దాన్ని కొట్టేసింది, ఆ తర్వాత 2014లో ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్‌లో సబ్బు షాంపూ పేస్టులకి చుక్క పెట్టాలని మళ్ళీ మీరే రాశారు. చుక్క ఉన్న సబ్బులు కొన్ని వస్తాయి, లేనివి కొన్ని వస్తాయి. మా కస్టమర్లలో చాలామంది ఆకుపచ్చ చుక్క చూసి జంతువుల మీద టెస్ట్ చెయ్యలేదని అనుకుంటారు. అది వేరు ఇది వేరు. చుక్క చెప్పేది అందులో జంతువు కొవ్వో ఇంకోటో కలిపారా లేదా అని మాత్రమే. కొవ్వు లేని షాంపూని కుందేలు కంట్లో వెయ్యొచ్చు, ఎక్కడా వెయ్యని సబ్బులో కొవ్వు ఉండొచ్చు. రెండూ తెలుసుకునే హక్కు మాకుంది, ఒక చుక్కలో రెండూ కుక్కకండి.

ఇదంతా ఎందుకు, కుంకుడుకాయలు వాడుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, మీ ఆఫీసులో కూడా ఉంటారు. కుంకుడుకాయ నేనూ అమ్ముతాను సార్. గిరిజన కార్పొరేషన్ వాళ్ళ శీకాయ, కుంకుడు మంచి సరుకు, ఏజెన్సీలో ఏరుకొచ్చిన వాళ్ళకి డబ్బు చేరుద్ది, నాకూ ఇష్టమే. మా ఇంట్లో దాన్ని ఏ కుందేలు కంట్లోనూ వేసి చూడలేదు, అదైతే గ్యారంటీ. మా నాయనమ్మ నేరుగా మా కళ్ళల్లోనే వేసింది, ఉప్పుకల్లు నోట్లో పెట్టుకుంటే మండదని చెప్పి మరీ వేసింది, మండింది. తెలుగిళ్ళల్లో పుట్టిన ప్రతివాళ్ళూ ఆదివారం ఆదివారం ఆ డ్రెయిజ్ టెస్టు చేయించుకున్నవాళ్ళమే. కానీ హాస్టల్లో తెల్లవారుజామున నల్లా దగ్గర వరసలో నిలబడే పిల్ల కాయలు ఎప్పుడు కొట్టాలి, ఎక్కడ నానబెట్టాలి, వేణ్ణీళ్ళు ఎవరు పెట్టిస్తారు, ఆ పిప్పి తలలోంచి పోవాలంటే ఎన్ని బకెట్ల నీళ్ళు కావాలి. బకెట్ నీళ్ళే లెక్కపెట్టి ఇచ్చే చోట కుంకుడుకాయ చౌక కాదు. ఇంట్లో ఉండేవాళ్ళకి, టైమున్నవాళ్ళకి అది సరే. మా పిల్లలకి కావాల్సింది రూపాయి ప్యాకెట్టే, అది తప్పు లేని ప్యాకెట్ అని తెలిస్తే చాలు.

చిన్నవాళ్ళ సంగతి కూడా చూడండి. మా జిల్లాలో మహిళా సంఘాల వాళ్ళు కొబ్బరి నూనె, వేపాకు, కలబంద వేసి సబ్బులు చేస్తారు, మేళాల్లో పెడతారు, కొన్ని నా దగ్గర కూడా ఉంచారు. వాళ్ళు ఎవరి మీద టెస్ట్ చేశారంటే వాళ్ళ ఇంట్లో వాళ్ళ మీదే. కానీ వాళ్ళ సబ్బు మీద కుందేలు లేదు, కుందేలు కోసం విదేశీ సంస్థకి అప్లికేషన్ పెట్టి, లోగోకి ఫీజు కట్టి, సబ్బు నూనె ఇచ్చిన వ్యాపారి దగ్గర ఇంగ్లీషు కాగితం తీసుకోవడం వాళ్ళ వల్ల అయ్యే పనా? సిటీ నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఆ సబ్బు తిప్పి చూసి, బొమ్మ లేదని పక్కన పెట్టేసి, బొమ్మ ఉన్న ఖరీదైన సబ్బు తీసుకుంది. మీరు ఆ లైన్‌ని చట్టప్రకారం లైసెన్స్ ఉన్న ప్రతివాళ్ళకీ ఫ్రీగా ఇస్తే ఎక్కువ లాభపడేది వీళ్ళే. లైసెన్స్ ఫీజు వాళ్ళకి భారమైతే అది ఇంకో ఉత్తరం, ఇప్పుడు ఎత్తను.

కంపెనీల వాళ్ళకి కూడా ఇది చేరుద్దని తెలుసు, కాబట్టి మీకో మాట. మీరెందుకు నోరు మూసుకున్నారు? చట్టం పాటిస్తున్నారుగా, చెప్పుకోడానికి ఏం రోగం? సంతూర్ లేని కొట్టు మా రెండు తెలుగు రాష్ట్రాల్లో వెతికినా దొరకదు, అట్లాంటి సబ్బుల మీద ఈ ఒక్క లైన్ తెలుగులో కనపడితే పక్క కంపెనీ వాళ్ళు నెల తిరక్కుండా అచ్చేస్తారు. మీలో ఒకళ్ళ సేల్స్‌మేన్‌ని అడిగితే "అక్కా, చౌక సరుకు మీద అది వేస్తే మా ప్రీమియం లైన్ ఎవరు కొంటారు" అని నవ్వాడు. పేరు చెప్పను, పిల్లోడి ఉద్యోగం పోద్ది. కానీ నాకు ఆ నవ్వులోనే సగం సంగతి అర్థమైంది.

జవాబిస్తారని ఆశపడుతున్నా సార్. ఇస్తే తెలుగులో ఇప్పించండి, పెద్ద అక్షరాల్లో, సంతకంతో. జిరాక్స్ తీసి షాంపూ దండలు వేలాడేసే రాడ్డుకే కట్టిస్తాను, అడిగిన ప్రతి పిల్లకీ నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు. జవాబు రాకపోతే 2014 నాటి మీ గెజిట్ ప్రింట్ తీసి అదే కడతాను, ఇంగ్లీషులో ఉన్నా సరే, కింద నా చేత్తో తెలుగులో రాసి.

ఇట్లు,
కిరాణా, ఫ్యాన్సీ షాపు అక్క,
ఖమ్మం.